మందుకు చావని ఊద: పశువులు మేసే వరి–మినుము మడిలో గాబును అదుపు చేయడం ఎలా

మినుములో గాబు (కలుపు) మందు కొట్టిన ఇరవయ్యో రోజు పొద్దున్నే మడిలోకి దిగండి. గట్టు మీద నిలబడి చూస్తే సరిపోదు, వంగి చూడాలి. గంగపాయల ఎండిపోయి ఉంటుంది, తోటకూర ముడుచుకుపోయి ఉంటుంది. ఊద గడ్డి దుబ్బుల్లో కొన్ని పసుపెక్కి కుళ్లుతుంటాయి. వాటికి జానెడు దూరంలోనే, అదే తడిలో, అదే మందు పడిన చోట మరికొన్ని ఊద దుబ్బులు పచ్చగా పిలకలు వేస్తూ కనబడితే, కింద చెప్పే పరీక్షకు ఐదారు ఉంచి, మిగతావాటిని కూలీలు దొరికే దాకా ఆగకుండా ఆ పూటే వేళ్లతో సహా పీకేయండి.

శ్రీకాకుళం, విజయనగరం పల్లపు భూముల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుమో పెసరో చల్లి, మాఘ ఫాల్గుణాల్లో పంట తీసుకుని, ఆ తరవాత మళ్లీ ఉభాల (వరి నాట్ల) దాకా పశువులను మడిలోకి వదిలే రైతుల కోసం ఇది రాస్తున్నాను. వంశధార కింద గానీ, నాగావళి కింద గానీ, చెరువు కింద గానీ సేద్యం చేసేవారిలో ఎక్కువమంది పద్ధతి ఇదే. పంటా పశువూ ఒకే మడిని పంచుకుంటాయి. అందుకే మందుకు చావని గాబు వచ్చిందంటే మందు ఒక్కటీ మారిస్తే లాభం లేదు. పశువు నోరు ఎప్పుడు మడిలో ఉండాలి, దాని పేడ ఎప్పుడు మడికి చేరాలి అన్నది కూడా చూసుకోవాలి.

నేను ఇది నష్టపోయి నేర్చుకున్నాను. నాలుగేళ్లు వరసగా వరిలో బిస్‌పైరిబాక్ సోడియం కొట్టాను, మినుములో ఇమాజితాపైర్ కొట్టాను. పంట మారుతోంది, డబ్బా మారుతోంది, కొనే దుకాణం కూడా మారింది, కాబట్టి మందు మారుస్తున్నాననే అనుకున్నాను. నిజానికి ఆ రెండూ మొక్కలో ఒకే చోట దెబ్బ కొట్టే మందులు. మొక్క ఎదగడానికి కావలసిన మూడు అమైనో ఆమ్లాలను తయారు చేసే ఒకే ఎంజైమును రెండూ అడ్డుకుంటాయి. వరిలో ఆ దెబ్బను తట్టుకుని బతికిన ఊద గింజ రాల్చింది. ఆ గింజే మినుములో మొలిచింది, మళ్లీ అదే దెబ్బ తగిలింది, మళ్లీ బతికింది. అంటే ఏడాదికి రెండుసార్లు నా చేతులతో నేనే గట్టి విత్తనాన్ని ఏరి పెట్టుకున్నాను. మూడో ఏట బల్లంత ఉన్న మచ్చ నాలుగో ఏటికి పది సెంట్లయింది.

ముందు తేల్చుకోవలసింది: గాబు మొండిదా, మందు సరిగా పడలేదా?

చావని ప్రతి గాబూ మందుకు అలవాటు పడినది కాదు. చాలాసార్లు తప్పు మన పిచికారీలో ఉంటుంది. ముందు ఇవి అడగండి.

మందు కొట్టేనాటికి ఊద ఎన్ని ఆకుల మీద ఉంది? రెండు నుంచి నాలుగు ఆకుల దశ దాటి పిలక వేసిందంటే ఏ మందైనా తడబడుతుంది. వరి కోసిన దుబ్బుల పక్కన కోతలో తెగిన పాత ఊద మళ్లీ చిగురిస్తుంది. పైకి లేతగా రెండాకులే కనబడతాయి గానీ కింద వేరు నాలుగు నెలల ముదురు. దానికి మందు చాలదు, మందు కొట్టే ముందే పారతో లేపేయాలి. దీన్ని మొండి గాబుగా లెక్కపెట్టకండి.

నీళ్లు ఎన్ని పట్టాయి? ఎకరాకు 200 లీటర్లు పడాలి. మనవాళ్లు ఐదారు ట్యాంకులతో ముగించేస్తారు. 16 లీటర్ల ట్యాంకయితే పన్నెండు దాకా పట్టాలి. సులువైన కొలత ఒకటి ఉంది. ఒక సెంటు నేలను తాడుతో కొలిచి, ఉత్త నీళ్లు పోసుకుని మామూలు నడకతో తడపండి. రెండు లీటర్లు అయితే మీ నడక, నాజిల్ సరిగా ఉన్నట్టు. లీటరే అయితే నడక తగ్గించాలి. గాబు మందుకు పురుగు మందు కొట్టే గుండ్రటి నాజిల్ పనికిరాదు, విసనకర్రలా పరుచుకునే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ కావాలి. ఇక ఆ నీళ్లు బురదవా తేటవా, కొట్టిన రెండు మూడు గంటల్లో జల్లు పడిందా, నేలలో తడి ఉందా అన్నవీ గుర్తు తెచ్చుకోండి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా ఒకే జాతి గాబు మిగిలి, చచ్చిన దుబ్బు పక్కనే బతికిన దుబ్బు ఉండి, ఆ మచ్చ కిందటేడు ఉన్న చోటే ఉండి, ఈ ఏడు పెద్దదయితే అనుమానం గట్టిపడినట్టే.

తేల్చుకోవడానికి ఇంటి దగ్గర పరీక్ష ఉంది. బతికిన దుబ్బుల్లో ఐదారింటిని మాత్రం కంకి పండనిచ్చి, గింజ రాలకముందే కంకులకు గుడ్డ సంచి కట్టి కోసుకురండి. గాబు మందు ఎప్పుడూ పడని చోటు నుంచి, అంటే గుడి భూమి నుంచో వల్లకాటి గట్టు నుంచో, అదే ఊద గింజ మరికొంత తెచ్చుకోండి. కొత్త ఊద గింజ వెంటనే మొలవదు, కొన్నాళ్లు నిద్రలో ఉంటుంది. అందుకని రెండింటినీ విడివిడిగా ఆరబెట్టి మే నెల దాకా దాచండి. అప్పుడు కుండీల్లో చల్లి, మొలిచి రెండు మూడు ఆకులు వేశాక ఒక వరసకు మందు లేకుండా, ఒక వరసకు డబ్బా మీద రాసిన మోతాదు, ఇంకో వరసకు దానికి రెట్టింపు కొట్టండి. రెట్టింపు కుండీకే గానీ చేనుకు కాదు. మూడు వారాల తరవాత గుడి భూమి ఊద చచ్చి, మీ మడి ఊద బతికితే ఇక అనుమానం లేదు. ఆ కుండీలను ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానానికో తీసుకెళ్లి చూపించండి. మాటల్లో చెప్పడం కంటే కుండీ చూపిస్తే వాళ్లు దారి చెప్పడం తేలిక.

డబ్బా మీద ఇంటిపేరు చదవండి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. కింద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరే మనకు కావాలి. మందులకూ కుటుంబాలు ఉన్నాయి. పేర్లు వేరైనా ఇంటిపేరు ఒకటైతే దెబ్బ ఒకటే.

మన వరి–మినుము రైతుకు ఎక్కువగా తగిలే కుటుంబాలు ఇవి. బిస్‌పైరిబాక్ సోడియం, పెనాక్సులం, పైరజోసల్ఫ్యూరాన్, బెన్‌సల్ఫ్యూరాన్, మెట్‌సల్ఫ్యూరాన్, ఇమాజితాపైర్, ఇమాజామాక్స్ అన్నీ ఒకే ఇంటివి. ఇమాజితాపైర్, ఇమాజామాక్స్ కలిపిన డబ్బా కూడా దొరుకుతుంది. రెండు మందులున్నాయి కదా అని ధైర్యపడకండి, రెండూ అన్నదమ్ములే. చివర ‘ఫాప్’ అని ఉన్నవి, సైహాలోఫాప్, క్విజాలోఫాప్, ప్రొపాక్విజాఫాప్, క్లోడినాఫాప్, మరో ఇంటివి. ఫెనాక్సాప్రాప్, క్లెథోడిమ్ పేర్లు వేరేలా ఉన్నా ఆ ఇంటివే. వరిలో సైహాలోఫాప్, మినుములో క్విజాలోఫాప్ కొట్టినా నేను చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. ప్రెటిలాక్లోర్, బ్యుటాక్లోర్ ఇంకో ఇల్లు. పెండిమిథాలిన్ ది వేరు. మొక్కజొన్నలో వాడే అట్రజిన్ ది వేరు, టెంబోట్రయోన్, టోప్రమెజోన్ లది మళ్లీ వేరు.

ఒక నోటు పుస్తకంలో మడి పేరు, తేదీ, రసాయనం పేరు, గాబు ఎన్ని ఆకుల మీద ఉంది, ఏది బతికింది రాసుకోండి. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉండాలి. ‘కిందటిసారి ఈ ఇంటి మందు కొట్టాను, వేరే ఇంటిది ఇవ్వండి’ అని అడగగలగాలి. నాకు ఆ పుస్తకం లేకపోబట్టే నాలుగేళ్లు పోయాయి.

సోయా పండించే దేశాలు ఈ దారిలో మనకంటే ముందు నడిచి దెబ్బతిన్నాయి. గ్లైఫోసేట్‌ను తట్టుకునే సోయా విత్తనం అమెరికాలో 1996లో వచ్చింది. పంట మీదే మందు కొట్టవచ్చు, పంటకేమీ కాదు, గాబంతా పోతుంది. రైతులు ఏటా అదే కొట్టారు. 2000ల మధ్యకల్లా జార్జియా చేలల్లో పామర్ అమరాంత్ అనే తోటకూర జాతి ఆ మందుకు చావడం మానేసింది. దాని ఆడ మొక్క ఒక్కటి లక్షల గింజలు రాలుస్తుంది. మన దేశంలోనే పంజాబ్, హర్యానా గోధుమ రైతులు గుల్లీడండా అనే గడ్డి మీద ఐసోప్రోట్యూరాన్ ఒక్కటే నమ్ముకుంటే, 1990ల మొదట్లో అది లొంగడం ఆగిపోయింది. అక్కడ జరిగింది ఇక్కడ జరగకూడదన్న రాత ఎక్కడా లేదు.

గింజ రాలనివ్వకపోవడమే అసలు పని

గాబు మందుకు అలవాటు పడిందంటే ఆ గుణం దాని గింజలో ఉంది. ఆ గింజ నేల మీద పడకపోతే కథ అక్కడే ఆగుతుంది. ఊద మొక్క ఒక్కటే వేల గింజలు రాలుస్తుంది. పైగా వరి కోతకు ముందే పండి రాలిపోతుంది. కోతప్పుడు చూసుకుందాం అనుకుంటే అప్పటికి గింజ నేల చేరిపోయి ఉంటుంది.

అందుకని వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఒకసారి, ఈనిన పది రోజులకు ఒకసారి మడంతా తిరగండి. ఊద కంకి వరి కంటే ఎత్తుగా, ఎర్రటి ఛాయతో దూరం నుంచే కనబడుతుంది. మచ్చ చిన్నదైతే ఒక మనిషి ఒక పూటలో పీకేయగలడు. పీకినది గట్టు మీద పడేస్తే లాభం లేదు. కంకి రాకముందైతే పశువులకు వేయండి, మంచి మేత. కంకి వచ్చాక మాత్రం గోనెలో వేసుకుని తీసుకెళ్లి కాల్చేయండి. ఆ గోనె సంచిని మళ్లీ విత్తనానికి వాడకండి.

మచ్చ మరీ పెద్దదైతే మనసు రాయి చేసుకుని ఆ భాగంలో పంటను గాబుతో కలిపి పచ్చిగానే కోసి పశువులకు మేతగా వేయడం మంచిదని నా అభిప్రాయం. మందు కొట్టి డబ్బా మీద చెప్పిన గడువు దాటని పంటను మాత్రం ఇలా మేపకూడదు. పది సెంట్ల మినుము పోతుంది. కానీ ఆ పది సెంట్ల గింజ రాలితే వచ్చే ఏడు ఎకరం మీదికి పాకుతుంది.

బంగారుతీగ సంగతి ఇక్కడే చెప్పాలి. మందుకు అలవాటు పడిన గాబు కాదది, మందు దానికి సరిగా చేరదు, ఎందుకంటే అది మినుము మొక్కనే అల్లుకుని దాని రసం తాగుతుంది. పసుపు దారంలా మొదట ఒక మొక్క మీదే కనబడుతుంది. పూత రాకముందే అల్లుకున్న మినుము మొక్కలతో సహా పీకి అక్కడే కాల్చాలి. దాని గింజ నేలలో పదేళ్లకు పైగా బతుకుతుంది, పశువు కడుపులోంచి కూడా బతికి బయటపడుతుంది. కాబట్టి బంగారుతీగ ఉన్న మినుము కట్టెను ఎంత మేత కొరత ఉన్నా పశువులకు వేయకండి. విత్తనం కొనేటప్పుడు సన్న జల్లెడ పట్టి, జారిన మన్నూ గింజలూ పొయ్యిలో పడేయండి.

పశువును మడిలోకి ఎప్పుడు దించాలి, ఎప్పుడు ఆపాలి

పశువు నోటితో గాబు తీస్తుంది, పేడతో గాబు నాటుతుంది. రెండూ ఒకే పశువు చేస్తుంది, తేడా అంతా కాలంలో ఉంది.

ఊద, గరిక, తోటకూర, గంగపాయల, వెన్నదేవి కూర లేతగా ఉన్నప్పుడు ఆవులూ గేదెలూ ఇష్టంగా తింటాయి. మినుము తీశాక మడిలో మిగిలిన తేమకు మొలిచే ఊదను కంకి వేయకముందే మేపిస్తే కూలి ఖర్చు లేకుండా గాబు తీసినట్టే. ఒక్కసారి మేపి వదిలేస్తే మాత్రం నష్టం. మేసిన ఊద రెండు వారాల్లో మళ్లీ పిలకలు వేసి, ఈసారి నేలకు బెత్తెడు ఎత్తులోనే కంకి తీస్తుంది. ఆ పొట్టి కంకి పశువు నోటికి అందదు. అందుకని పదిహేను రోజుల లోపు రెండోసారి మేపాలి, లేదా కొడవలి పెట్టాలి.

కంకిలో గింజ గట్టిపడిందంటే ఆ మడిలోకి పశువును దించకండి. గట్టి గింజలో కొంత భాగం పశువు కడుపులో అరగకుండా పేడతో బయటికి వస్తుంది. అది ఇవాళ తిన్నది రేపటి నుంచి మూడు నాలుగు రోజుల దాకా వస్తూనే ఉంటుంది. ఈ లోపు ఆ పశువు మరో నాలుగు మళ్లు తిరిగితే నాలుగింటిలోనూ ఊద నారు పోసినట్టే. తప్పనిసరై గింజ ఉన్న చోట మేపితే, ఆ తరవాత మూడు నాలుగు రోజులు పశువులను సాలలోనే కట్టి శుభ్రమైన మేత వేయండి. ఆ రోజుల పేడను విడిగా ఎత్తి వేడి కుప్పలో వేయండి. దాని సంగతి కింద చెబుతాను.

పశువు అన్నిటినీ తినదు. వయ్యారిభామను తాకదు, తుంగను, ఉత్తరేణిని పెద్దగా ముట్టదు. మేపు మీదే ఆధారపడితే రెండు మూడేళ్లలో మడి అంతా అవే మిగులుతాయి. పశువులు వెళ్లిన మర్నాడు ఒక మనిషి వెనకాలే తిరిగి వదిలేసినవాటిని పీకాలి. వయ్యారిభామను పూత రాకముందు, చేతికి తొడుగు వేసుకుని పీకండి, ఒళ్లు తగిలితే దద్దుర్లు వస్తాయి.

మేపేటప్పుడు నేలను బోడి చేయకండి. దక్షిణ బ్రెజిల్‌లో సోయా కోశాక చలికాలంలో ఓట్స్, రై గడ్డి వేసి ఆవులను మేపే రైతులు ఉన్నారు. నేలను కప్పేంత గడ్డి మిగిల్చి ఆవులను బయటికి తోలిన చోట తరవాతి సోయాలో గాబు తక్కువ, నున్నగా మేపిన చోట ఎక్కువ. ఎండ నేరుగా తగిలిన నేలలో గాబు గింజ తేలిగ్గా లేస్తుంది. మనకు ఆ పని చేసే పంట పిల్లిపెసర. మొండి ఊద ఉన్న మడిలో ఒక ఏడాది మినుముకు బదులు పిల్లిపెసర చల్లండి. ఒత్తుగా అల్లుకుని ఊదను నొక్కేస్తుంది, కొట్టవలసిన మందు ఉండదు, పశువులకు మంచి మేత. నిండా పెరిగాక సగం దాకా మేపి, మిగతాది కలియదున్నితే నేలకు బలం. ఆ ఏడు మినుము డబ్బు రాదు నిజమే. పాలలో, ఎరువులో కొంత తిరిగి వస్తుంది.

తడిగా ఉన్న మడిలో గిట్ట రెండు వేళ్ల లోతు దిగుతుంటే పశువులను తోలకండి. నేల గట్టిపడి తరవాత మినుము వేరు దిగదు, తుంగ మాత్రం దిగుతుంది.

పశువుల ఆరోగ్యం గురించి రెండు మాటలు. పొద్దున్నే మంచు తడి మీద పిల్లిపెసర, మినుము లాంటివి ఆకలి మీద మేపితే కడుపు ఉబ్బుతుంది. ముందు కాస్త ఎండుగడ్డి వేసి, మంచు ఆరాక తోలండి. యూరియా బాగా పడిన మడిలో, బెట్ట తరవాత ఏపుగా లేచిన తోటకూరను ఒకేసారి కడుపునిండా తిననివ్వకండి, అందులో నైట్రేటు చేరి విషమవుతుంది. నోట నురగ, రొప్పు కనబడితే నాటు వైద్యం కోసం చూడకుండా పశువైద్యుణ్ణి పిలవండి.

మందు కొట్టిన మడిలో ఎన్ని రోజులు మేపకూడదో డబ్బాతో వచ్చే కాగితం మీద ఉంటుంది. అక్కడ మేత గురించి ఏమీ రాయకపోతే నేనైతే ఆ పంట కట్టెను పశువులకు వేయను. గట్ల మీద గడ్డి మాడ్చడానికి పారాక్వాట్ కొట్టే అలవాటు మాత్రం మానండి. ఆ గట్టు మీదే రేపు మీ ఆవు మేస్తుంది, ఆ మందుకు విరుగుడు లేదు. గ్లైఫోసేట్‌ను శిక్షణ పొందిన తెగుళ్ల నియంత్రణ నిర్వాహకుల ద్వారా తప్ప వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. గట్టుకు కొడవలే మేలు.

గెత్తం కుప్పను వేడెక్కించండి

మన పెరట్లో గెత్తం ఎలా తయారవుతుంది? రోజూ సాల ఊడ్చి, పేడా పశువు వదిలిన గడ్డీ ఒక మూల పడేస్తాం. ఏడాది పొడవునా అది అలాగే ఉంటుంది. జ్యేష్ఠంలో బండికెత్తి పొలానికి తోలతాం. ఆ కుప్ప నడుమ కాస్త వేడెక్కుతుంది, పైభాగం, అంచులు చల్లగానే ఉంటాయి. ఆ చల్లని భాగంలో ఊద గింజ హాయిగా బతికి ఉంటుంది. మా మడిలో మొండి ఊద మచ్చలు ఉన్న చోట్లు చూసుకుంటే, వాటిలో సగం కిందటి ఏళ్లలో గెత్తం బండి దింపిన చోట్లే.

మార్చవలసింది పెద్దగా లేదు. రోజూ పడే పేడను వారం పది రోజులు విడిగా పోగు చేసి, ఒకేసారి నాలుగడుగుల ఎత్తు, అంతే వెడల్పు కుప్ప కట్టండి. పేడ ఒక వరస, ఎండుగడ్డి, చెత్త, పచ్చి ఆకు ఒక వరస. పిడికిలితో పిండితే చెయ్యి తడవాలి, నీరు కారకూడదు. పైన తాటాకులో, చినిగిన టార్పాలినో కప్పండి. నాలుగైదు రోజుల్లో వేడెక్కుతుంది. ఇనప గునపం ఒకటి కుప్ప నడుమకి దించి పది నిమిషాలు ఉంచి తీయండి. చేత్తో పట్టుకుని ఉండలేనంత వేడిగా ఉంటే గింజ చచ్చే వేడి వచ్చినట్టు. లోపల 55 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉండాలి. గునపం గోరువెచ్చగా ఉంటే నీళ్లు చాలలేదో, పచ్చి పదార్థం చాలలేదో చూడండి.

రెండు వారాలకోసారి కుప్పను తిరగేయండి. అంచున ఉన్నది నడుమకి, నడుమ ఉన్నది అంచుకి రావాలి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే ప్రతి గింజా ఒకసారైనా వేడిలో పడుతుంది. ఇద్దరు మనుషుల పూట పని. ఈ పని తప్పించుకుంటే మిగతా పనులన్నీ సగమే.

పొలానికి తోలే ముందు పరీక్ష చేయండి. ఇసుకను పెనం మీద వేయించి చల్లార్చి, మట్టి మూకుడులో పోసి, దాని మీద గుప్పెడు గెత్తం పరిచి రోజూ తడపండి. పదిహేను రోజుల్లో మొలిచిన గడ్డి మొలకలు లెక్కపెట్టండి. ఏమీ మొలవకపోతే తోలండి. నాలుగైదు మొలిచినా ఆ కుప్పను మళ్లీ తిరగేయాలి. గొర్రెల మందను మడిలో కట్టించేటప్పుడు కూడా ఇదే ఆలోచన ఉండాలి. ఆ మంద కిందటి మూడు రోజులు ఎక్కడ మేసిందో కాపరిని అడిగి, గింజ పట్టిన బీడులో మేసిందంటే మూడు రోజుల తరవాత రమ్మనండి.

వరిగడ్డి సంగతీ అంతే. ఊద కంకులున్న మడి గడ్డిని వేరే కుప్పగా వేసి గుర్తు పెట్టుకోండి. అది తిన్నన్నాళ్లూ ఆ పేడ వేడి కుప్పకే వెళ్లాలి.

దుక్కి, ఎద, ఉభాలు

మినుము తీయగానే మడి దున్నేయాలన్న తొందర మొండి ఊద ఉన్న చోట పనికిరాదు. పైన పడి ఉన్న గింజను చీమలూ పిట్టలూ తింటాయి. దున్నితే వాటి నోటికి అందకుండా మనమే పాతిపెట్టినట్టు. తుంగ, గరిక ఉన్న మడిని మాత్రం వేసవిలో దున్ని గడ్డలు ఎండకు తేల్చాలి. ఒకే దుక్కి రెండు గాబులకూ పనికిరాదు, మడిని బట్టి నిర్ణయించుకోండి.

రోహిణి, మృగశిర వానలకు ఊద గుంపుగా మొలుస్తుంది. మొలవనివ్వండి. రెండు మూడు ఆకులు రాగానే గుంటక తోలి చంపేయండి, మళ్లీ వాన పడితే మళ్లీ మొలిపించి మళ్లీ చంపండి. లోతుగా దున్నకండి, లోతు నుంచి కొత్త గింజ పైకి వస్తుంది. ఉభాలకు ముందు రెండు విడతలు ఇలా తీసేస్తే పంటలో కొట్టవలసిన మందు తగ్గుతుంది.

నారు నాటకుండా నేరుగా విత్తనం చల్లిన, అంటే ఎద చల్లిన వరిలో ఊద వరితో పాటే లేస్తుంది, పోల్చుకోవడమూ కష్టం. కూలీ దొరక్క ఎదకు వెళుతున్నామన్నది నిజమే. అయినా మొండి మచ్చ ఉన్న మడి ఒక్కదానికైనా రెండేళ్లు ఉభాలు పెట్టండి. దమ్ము చేసి, వరసలో నాటి, రెండు అంగుళాల నీరు నిలబెడితే ఊద గింజ చాలావరకు మొలవదు. వరసలుంటే కోనో వీడర్ అనే గాబు తీసే చేతి యంత్రం తిరుగుతుంది.

మందు అసలు వద్దని నేను అనను. నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో ప్రెటిలాక్లోర్ 50 శాతం మందు ఎకరాకు 500 మిల్లీలీటర్లు, 20 కిలోల పొడి ఇసుకలో కలిపి, పలచగా నీరు నిలిపి చల్లండి. ఇరవై రోజులకు వీడర్. ఆ పైన మిగిలింది చేత్తో. మినుములో గడ్డి గాబుకు క్విజాలోఫాప్ 5 శాతం ఎకరాకు 400 మిల్లీలీటర్లు, గాబు రెండు నుంచి నాలుగు ఆకుల్లో ఉన్నప్పుడు. ఆ ఏడు వరిలో మాత్రం ఫాప్ ఇంటి మందు ఏదీ పడకూడదు. మరుసటి ఏడు నీటి వసతి ఉంటే ఆ మడిలో మొక్కజొన్న వేసి అట్రజిన్‌కు వెళ్లండి. అప్పుడు ఊద మీద వేరే దిక్కు నుంచి దెబ్బ పడుతుంది, పచ్చి చొప్ప పశువులకు వస్తుంది. తగ్గించిన మోతాదు కొట్టకండి. సగం మోతాదుకు సగం చచ్చి బతికిన మొక్కే రేపటి మొండి గాబు.

ఊరంతా కలిసి చేయాల్సినవి

కోత మిషను ఊరూరా తిరుగుతుంది, దాని కడుపులో ఊరూరి గాబు గింజా ఉంటుంది. మీ మడిలోకి దించే ముందు రోడ్డు మీదే ఖాళీగా కాసేపు నడిపించి, గింజ తొట్టీ పళ్ల చక్రం చీపురుతో దులిపించండి. మొండి మచ్చ ఉన్న మడిని చివర కోయించండి.

సంక్రాంతి వెళ్లగానే పశువులను విడిచిపెట్టే ఊళ్లలో ఒక్కడు జాగ్రత్త పడి లాభం లేదు. మినుము ఇంకా చేలో ఉండగా పక్కవాడి పశువులు దిగితే పంటా పోతుంది, గింజా చెదురుతుంది. పశువులను ఎప్పుడు వదలాలో, ఏ మళ్లలోకి వదలకూడదో ఊరి పెద్దలతో మాట్లాడి చాటింపు వేయించండి. మచ్చ ఉన్న మడి చుట్టూ ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతితే కాపరి పిల్లలకు కూడా తెలుస్తుంది. మీ మడిలో మొండి గాబు ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. దాచిన రైతు గింజ పక్కవాడి మడికి పారకపు నీటితో ఎలాగూ చేరుతుంది.

సందేహం వస్తే రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ఫోన్ చేసే ముందు నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేది మీరు కొట్టిన రసాయనం పేరే.

ఫిబ్రవరిలో కోసి గుడ్డ సంచిలో దాచిన ఊద కంకులను ఎలుకలకు అందకుండా వేలాడదీయండి. మే మొదటి వారంలో వాటిని దించి కుండీల్లో చల్లండి. ఖరీఫ్ మందు కొనేది ఆ కుండీలు చూశాకే.